మిరప కల్లంలో పద్నాలుగు నిమిషాలు

నాది మాట్లాడే ఉద్యోగం. ఎక్కడో ఇంట్లోనో, పొలంలోనో, బస్టాండులోనో మనిషి కూలిపోతే పక్కనున్నవాళ్ళు అంబులెన్సు కోసం ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తేవాళ్ళలో నేనొకదాన్ని. బండిని పంపడం ఒక పని. బండి చేరేలోపు, గుండె ఆగిన మనిషి రొమ్ము మీద ఎలా నొక్కాలో ఫోన్లోనే చెప్పి, పక్కనున్నవాళ్ళ చేత చేయించడం రెండో పని. మొదటిది నెలరోజుల్లో వచ్చేసింది. రెండోది రావడానికి చాలా కాలం పట్టింది.

మాది క్రోసూరు దగ్గర పల్లె. నాన్న పత్తీ మిరపా వేసేవాడు. నేను నరసరావుపేటలో డిగ్రీ చదివాను, పెళ్ళయ్యాక కాపురం కూడా అక్కడే పెట్టాం. మా ఆయన కోర్టు దగ్గర టైపు చేస్తాడు. నేను తెల్లవారగానే బస్సెక్కి రెండు గంటలు ప్రయాణం చేసి ఆఫీసుకు చేరేదాన్ని.

శిక్షణలో మొదట దిద్దింది నా మాటనే. "ఏంది" అనకూడదు, "ఏమిటండీ" అనాలి. "చానా" కాదు, "చాలా". మేం మాట్లాడినవి రికార్డు చేసి క్లాసులో అందరికీ వినిపించేవాళ్ళు. నాది వినిపించినప్పుడు వెనక బెంచీల్లో నవ్వులు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. పట్టుదలగా నేర్చుకున్నాను. వాళ్ళిచ్చిన కాగితంలో ఇలా ఉండేది: "రోగి ఛాతీ మధ్యభాగంలో మీ అరచేతి మడమను ఉంచి, మోచేతులు వంచకుండా, లోతుగా, వేగంగా ఒత్తిడి కలిగించండి." ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేదాన్ని. పరీక్షలో మా బ్యాచి మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి.

నాలుగో నెలలో వినుకొండ వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. వాళ్ళావిడ పెరట్లో పడిపోయింది, ఊపిరి లేదు. బండి పంపించి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను.

"మడమేందమ్మా?" అన్నాడు.

"అరచేతి మడమ అండీ. ఛాతీ మధ్యలో ఉంచండి."

"మడమంటే కాలు గదా తల్లా! మా ముసల్దాని మీద కాలెట్టమంటావా?"

"కాలు కాదండీ, అరచేతి మడమ..." అన్నాను మళ్ళీ. నాకు ఇంకో మాట దొరకలేదు. పాఠం పక్కన పెడితే నా దగ్గర ఇంకేమీ లేదు. ఆయన ఏడుస్తూ భార్యను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. బండి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఆమెను ఎవరూ నొక్కనేలేదని అంబులెన్సులో ఉండే టెక్నీషియన్ చెప్పాడు.

మా కేంద్రంలో ఒక డాక్టరుగారు ఉంటారు. "నొక్కినా ఆమె బతికేదని చెప్పలేం, మనసులో పెట్టుకోకు" అన్నారు. ఆయన నిజమే చెప్పి ఉంటారు. కానీ ఆ పెద్దాయన అడిగిన మాట నన్ను వదల్లేదు. మా నాన్నను నిలబెట్టి ఇదే చెబితే, ఆయనా అదే అడిగి ఉండేవాడు.

ఆ ఆదివారం మా ఊరు వెళ్ళాను. అమ్మ చెయ్యి పట్టుకుని, మణికట్టుకు దిగువన దిట్టంగా ఉండే చోటు చూపించి, "దీన్నేమంటావే?" అని అడిగాను.

"ఏమంటారు? అరచెయ్యే. ఆ అడుగున మొద్దుగా ఉంటది చూడు, పిండి పిసికేటప్పుడు అక్కడే బలం పెడతాం" అంది అమ్మ.

అది నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఛాతీ అంటే ఏమంటారు, మోచెయ్యి వంచకుండా అనడానికి ఏమంటారు, ఎంత గట్టిగా అనడానికి ఏ పనితో పోలుస్తారు అని పక్కింటి పెద్దమ్మనీ, నాన్ననీ, ట్రాక్టరు తోలే మా బాబాయినీ అడిగాను. నరసరావుపేట వచ్చాక మా ఆయన్ని నేల మీద పడుకోబెట్టి, పొట్ట మీద దిండు పెట్టి, ఆ దిండే రొమ్మనుకోమని పాఠం మొదలుపెట్టాను. ఫోన్లో నేను చెప్పే మాటలు వింటూ మా ఆడపడుచు దిండు మీద నొక్కాలి. ఆమె నొక్కినప్పుడల్లా ఆయన "అబ్బా" అనేవాడు. "నువ్వు పలకమాక, నీకు ప్రాణం లేదు" అని కసిరేదాన్ని.

ఆఫీసులో మా టీం లీడరు ఒప్పుకోలేదు. "కాగితం తప్పితే మన ఫోన్లకి వేసే మార్కులు పోతాయి. రేపు ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు. ఆయన భయం ఆయనది. నేను డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. వినుకొండ వైపు నుంచి వచ్చిన ఆ ఫోన్ రికార్డు ఆయన ఇంకోసారి విన్నారు. నా నోట్‌బుక్కు తీసుకుని చదివారు. రెండుచోట్ల దిద్దారు. "చెయ్యాల్సిన వరస మార్చకు. మాట నీ ఇష్టం" అన్నారు.

అలా నా యాస నాకు తిరిగొచ్చింది.

మిరప కల్లం ఫోన్ ఆ తర్వాత రెండో ఏడు ఎండాకాలం మొదట్లో వచ్చింది. పొద్దున పదిన్నర దాటింది. ఎత్తగానే నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒకేసారి అరుస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ గొంతు పైకి వచ్చింది.

"మా రైతు పడిపోయాడమ్మా! కాయల మీదే పడిపోయాడు!"

మా వైపు కూలికి వెళ్ళేవాళ్ళు తమకు పనిచ్చిన ఆసామిని రైతనే అంటారు.

"ఏ ఊరు అక్కా?"

ఊరు చెప్పింది. గురజాల అవతల. కాయలు ఆరబోసిన కల్లం ఎక్కడని అడిగితే, పొలాలకు నీళ్ళు పారే మేజరు కాలవ కట్ట మీద, నీళ్ళాపే లాకులు దాటాక ఎడమచేతి వైపు అంది. ఆ మాటలన్నీ టైపు చేసి బండికి పంపాను. పద్నాలుగు నిమిషాలు పడుతుందని తెర మీద వచ్చింది.

"పలుకుతున్నాడా?"

"పలకట్లా. గురక పెడతన్నాడు. నిద్ర పోతన్నాడేమో, మొహాన నీళ్ళు కొట్టమంటావా?"

ఆ గురక గురించి మాకు శిక్షణలో పదేపదే చెప్పారు. గుండె ఆగినవాళ్ళలో కొందరు కాసేపు అప్పుడొకటి ఇప్పుడొకటి అలా ఎగశ్వాస తీస్తారు. చూసేవాళ్ళు ఊపిరి ఆడుతోందనుకుంటారు.

"నీళ్ళొద్దక్కా. గురక గురకకీ మధ్యన ఎంత సేపు ఉంటందో చూడు. గురక పెట్టినప్పుడల్లా నాకు 'ఇప్పుడు' అని చెప్పు."

"ఇప్పుడు" అంది. ఆ తర్వాత చాలాసేపటికి గానీ రెండో "ఇప్పుడు" రాలేదు.

"అక్కా, ఆయనకి గుండె ఆగింది. బండి వస్తంది. అది వచ్చేదాకా ఆ గుండెని నువ్వే ఆడించాల. నేను చెప్తా, నువ్వు చెయ్యి. ఫోను పెద్దగా వినపడేట్టు పెట్టి కింద పెట్టు."

వెనక ఒక పిల్ల గొంతు, "ఇట్టా తే పెద్దమ్మా, నేను పెడతా" అంది. గాలి, ఎక్కడో ట్రాక్టరు చప్పుడు, ఆడవాళ్ళ దగ్గు, అన్నీ నా చెవిలోకి వచ్చాయి. మిరపకాయల ఘాటు దగ్గు అది. చిన్నప్పటి నుంచి విన్నదే.

"కాయల మీద నించి కిందికి లాగండి. నేల గట్టిగా ఉన్న చోట ఎల్లకిలా పడుకోబెట్టండి."

ఎవరూ కదిలిన చప్పుడు వినపడలేదు. నాతో మాట్లాడుతున్నావిడ గొంతు తగ్గించింది.

"ఆయన్ని మేం ముట్టుకోవాలా అమ్మా? మా ఇళ్ళోళ్ళం ఎప్పుడూ ముట్టుకోలా. వాళ్ళింటి మొగోళ్ళు ఊళ్ళో ఉన్నారు. కబురు పెట్టాం. వస్తారు."

ఆ మాట నాకు అర్థం కావడానికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. నేనూ పల్లెలో పుట్టినదాన్నే. మా కల్లంలో పనిచేసినవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళో, ఎంత దూరంలో నిలబడేవాళ్ళో చూస్తూ పెరిగినదాన్నే.

"వాళ్ళొచ్చేదాకా ఆయన ఉండడక్కా" అన్నాను. "నువ్వు ముట్టుకుంటేనే ఉంటాడు. ఎవరన్నా ఏమన్నా అంటే నేను చెప్పానని చెప్పు. నేను చెప్పేదంతా ఇక్కడ రికార్డవుతంది."

ఆమె గొంతు మారిపోయింది. "ఒసేయ్, ఏం చూస్తన్నారే, పట్టండి! నువ్వు కాళ్ళు, నువ్వు ఆ చంక కింద!" అని గద్దించింది. ఆమె ఆ కూలి ముఠాని నడిపే మేస్త్రి అని నాకు తర్వాత తెలిసింది. ఆ గద్దింపు విన్నప్పుడే సగం అర్థమైంది.

"పడుకోబెట్టాం. ఇప్పుడేంది?"

"పక్కన మోకాళ్ళ మీద కూర్చో. రొమ్ము మధ్యలో ఎముక ఉంటది, దాని మీద నీ అరచెయ్యి పెట్టు. పిండి పిసికేటప్పుడు బలం పెడతామే, ఆ అడుగు ఆనించు. దాని మీద రెండో చెయ్యి ఎయ్యి. చేతులు కర్రల్లాగా ఉంచి, నీ బరువంతా దాని మీద ఎయ్యి. టిక్కీలో కాయ తొక్కుతారు చూడు, అంత గట్టిగా. చేతుల్తో తొక్కక్కా!"

ఎండిన మిరపకాయలు నింపే పెద్ద గోతాన్ని టిక్కీ అంటారు. అందులో మనుషులు నిలబడి కాయను కాళ్ళతో అదిమి అదిమి తొక్కుతారు. ఎంత తొక్కితే అంత కాయ పడుతుంది. ఆ పని కళ్ళారా చూడని మనిషి ఆ కల్లంలో ఉండదు.

"టిక్కీ తొక్కినట్టేనా? మరి అంతేసి తొక్కితే ఎముకలిరగవా?"

"ఇరిగితే అతుక్కుంటయ్. తొక్కు. ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె కూడా లెక్కపెట్టింది. మొదట నెమ్మదిగా ఉంది. "తొందరగా అక్కా, ఇంకా తొందరగా. ప్రతిసారీ రొమ్ము మళ్ళీ పైకి లేవనియ్యి" అంటూ నా వేగంలోకి తెచ్చుకున్నాను. ఆమె రొప్పు వినిపిస్తుంటే నా చేతులు కూడా బల్ల మీద ఆడుతున్నాయి.

రెండు నిమిషాలకి ఆమె అలిసిపోయింది. "ఇప్పుడు ఇంకొకళ్ళు రండి. ఆపకుండా మారాల" అన్నాను. ఆమె అప్పటికే ఇద్దరిని వరసలో నిలబెట్టేసింది. "నా తర్వాత నువ్వు, దాని తర్వాత నువ్వు. నేను చేసింది చూశారుగా" అని చెప్పడం విన్నాను. చేతులకున్న కారం గురించి కూడా ఆమే అరిచింది: "చెమట తుడుచుకోమాకండే, కళ్ళు పోతయ్! కారనియ్యండి!"

ఆరో నిమిషంలోనో ఏడో నిమిషంలోనో ఒక కేక వినిపించింది. ఆ రైతు భార్య వచ్చింది. ఊళ్ళోంచి మోటారుసైకిలు మీద ఎవరో దింపారట. ఆమె చూసింది ఇదీ: భర్త నేల మీద ఉన్నాడు, కూలి మనిషి ఒకత్తె ఆయన రొమ్ము మీద పడి మోదుతోంది.

"ఏం చేస్తన్నారే! లెగండి! చంపేస్తన్నారు ఆయన్ని!"

లెక్క ఆగింది.

"ఆపమాకండి!" అని అరిచాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని పనిచేసుకుంటున్న నా చుట్టుపక్కలవాళ్ళు లేచి నిలబడ్డారు. అక్కడ కల్లంలో నా అరుపు ఎంత వినపడిందో తెలియదు. వినపడింది మాత్రం మేస్త్రి మాట.

"అడ్డం రామాకమ్మా. కొడితే తర్వాత కొట్టు. నువ్వు తొక్కవే!"

లెక్క మళ్ళీ మొదలైంది.

ఫోను దగ్గరికి ఆ ఇల్లాలిని పిలిపించమన్నాను. ఆమె ఏడుస్తూ వచ్చింది. "అమ్మా, నేను అంబులెన్సు ఆఫీసు నించి మాట్లాడతన్నా. వాళ్ళు చేస్తంది నేను చెప్పిందే. ఆయన గుండె వాళ్ళ చేతుల్లో ఆడతంది. మీరు నాతో కలిసి గట్టిగా లెక్కపెట్టండి. వాళ్ళు రొప్పుతా లెక్కపెట్టలేకపోతన్నారు."

కాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తర్వాత, "ఒకటి" అంది. "రెండు" అంది. నాలుగైదు అంకెలకు ఆమె గొంతు నిలబడింది. బండి హారన్ వినిపించేదాకా ఆ కల్లంలో లెక్క ఆమెదే.

ఆ పద్నాలుగు నిమిషాలూ అయ్యేదాకా ముగ్గురు ఆడవాళ్ళు విడతలవారీగా తొక్కారు. టెక్నీషియన్ దిగి, షాకు పెట్టె పట్టీలు రొమ్ముకి అతికించి, రెండుసార్లు షాకు ఇచ్చాడు. తర్వాత అరగంటకు దారిలోంచి మాకు ఫోన్ చేశాడు. "నాడి దొరికింది. నరసరావుపేట తీసుకెళ్తున్నాం. అక్కడెవరు నొక్కారు మేడం? బాగా నొక్కారు" అన్నాడు. అప్పటికి నేను ఇంకో మూడు ఫోన్లు ఎత్తాను. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. నా చేతులకేం అంటుకోలేదు. ఊరికే కడుక్కున్నాను.

మా పనిలో, మనిషి ఆసుపత్రికి వెళ్ళాక ఏమైందో మాకు తెలియదు. బండి చేరగానే లైను తెగుతుంది, కథ మా చేతి నుంచి పోతుంది. ఎవరి నంబరుకీ మళ్ళీ చేయకూడదన్నది నియమం. ఈసారి మాత్రం కబురు అటు నుంచే వచ్చింది. మూడు వారాల తర్వాత నా పక్క సీటమ్మాయి ఫోన్ ఎత్తి, "అత్యవసరం కాకుండా ఈ నంబరుకి చేయకూడదండీ" అని మందలిస్తోంది. అవతలివాళ్ళు పెట్టేయడం లేదు. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "ఎవరో మిరప కల్లం ఆవిడట. 'టిక్కీ తొక్కమన్న అమ్మాయికి చెప్పు, మా రైతు గుంటూరు పెద్దాసుపత్రి నించి ఇంటికొచ్చాడు, అన్నం తింటన్నాడు' అంటోంది" అంది.

ఆ సాయంత్రం బస్సులో నరసరావుపేట దాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, "నా పొట్ట నలిగినందుకు ఫలితం దక్కింది" అన్నాడు.

రెండు నెలల తర్వాత గురజాలలో పొదుపు సంఘాల ఆడవాళ్ళకూ, కూలి ముఠాలకూ ఈ పని నేర్పడానికి ఒక శిబిరం పెట్టారు. డాక్టరుగారు నన్ను కూడా తీసుకెళ్ళారు. స్కూలు హాల్లో చాప మీద రబ్బరు బొమ్మ పడుకుని ఉంది. ముందు వరసలో ఒక యాభై ఏళ్ళ మనిషి కూర్చుని ఉంది. సన్నగా, పొడుగ్గా, కొంగు నడుముకు బిగించుకుని. నేను మైకులో రెండు మాటలు మాట్లాడానో లేదో, ఆమె లేచి నిలబడి, "ఇదే గొంతు!" అని హాలంతా వినపడేట్టు అంది.

ఆమె వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని తేరిపార చూసింది. "ఇంత చిన్నపిల్లవా! నన్నా రోజు అట్టా గదమాయిస్తే, పెద్ద ఆఫీసరనుకున్నా" అంది. తనతో పాటు తొక్కిన మిగతా ఇద్దరినీ ముందుకు లాగింది. వాళ్ళు సిగ్గుపడుతూ వచ్చారు.

బొమ్మ మీద చేసి చూపించమంటే మోకాళ్ళ మీద కూర్చుని నాలుగుసార్లు నొక్కి, "ఇదేంది ఇంత మెత్తగుంది? మా రైతు ఎముకలు దీనికన్నా చానా గట్టివి" అంది. హాలంతా నవ్వింది.

ఆ రైతు కూడా వచ్చాడు. నెరిసిన మీసాలు, తెల్ల చొక్కా, చేతిలో కర్ర. భార్య పక్కనే ఉంది. మాట్లాడమని పిలిస్తే మొదట వద్దన్నాడు. ఊరి రాజకీయాల్లో తిరిగిన మనిషి, మైకు కొత్త కాదు. అయినా ఆ రోజు కర్రను చేతుల్లో తిప్పుకుంటూ నిలబడ్డాడు. చివరికి, "నాకు రెండు ఎముకలు ఇరగ్గొట్టింది ఈమె. ఇప్పటికీ దగ్గితే నొప్పే. ఆ నొప్పి వచ్చినప్పుడల్లా బతికున్నానని తెలస్తంది" అని, మేస్త్రి వైపు తిరిగి చేతులు జోడించాడు. అంతమందిలో, అందరూ చూస్తుండగా జోడించాడు. ఆమె కంగారుపడలేదు. తను కూడా చేతులు జోడించి, నిటారుగా అలాగే నిలబడింది.

ఒక్క దండంతో ఊళ్ళో అంతా మారిపోయిందని నేను చెప్పను. నాకు తెలియదు కూడా. నేను చూసింది మాత్రం చెబుతున్నాను.

శిబిరం అయ్యాక డాక్టరుగారు నా నోట్‌బుక్కులోని మాటలతో కొత్త కాగితం తయారుచేయిస్తున్నామని చెప్పారు. పిండి పిసకడం అందులో ఉంది. టిక్కీ కూడా ఉంది, ఈ వైపు నుంచి వచ్చే ఫోన్లకి. ఒక్కో ప్రాంతానికి అక్కడి పనుల మాటలు వెతకమని మిగతా వాళ్ళకూ అప్పజెప్పారు. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణలో ఒక పూట నేను పాఠం చెబుతాను. ఎవరి యాసకైనా ఎవరైనా నవ్వితే ఆ పాఠం అక్కడే ఆపేస్తాను.

ఆ రోజు బస్టాండు దాకా నేను ఆ ముగ్గురితో కలిసి ఆటోలో వచ్చాను. ఇరుక్కుని కూర్చున్నాం. రోజుకి ఎన్ని ఫోన్లు ఎత్తుతావు, గొంతు పోదా, పిల్లలెందరు, అత్త మంచిదేనా అని వరసగా అడిగారు. అన్నిటికీ జవాబు చెప్పాను. బస్టాండు దగ్గర దిగి, మేస్త్రి నా తల మీద చెయ్యి పెట్టి, "బాగా మాట్లాడతావు తల్లా, ఆ మాట పోగొట్టుకోమాక" అంది. మధ్యాహ్నం పూట పత్తి చేలో పని ఒప్పుకున్నారట, ఆలస్యమవుతోందని ముగ్గురూ గబగబా రోడ్డు దాటి వెళ్ళిపోయారు.